రంగు కడిగితే పోతుంది, మరి పన్ను? బ్రిటన్, ఐర్లాండ్‌లలో డీజిల్ మోసాలపై నిఘా ఎలా సాగుతోంది

క్లుప్తంగా: బ్రిటన్‌లో ట్రాక్టర్లకు, కొన్ని యంత్రాలకు తక్కువ సుంకంతో ఇచ్చే ఎర్ర డీజిల్, రోడ్డు వాహనాల్లో పోసే డీజిల్ దాదాపు ఒకటే. తేడా రంగులోనూ పన్నులోనూ ఉంది. రంగు కడిగేసి అమ్మే ముఠాలు దశాబ్దాల పాటు, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌కూ ఐర్లాండ్ దేశానికీ మధ్య ఉన్న సరిహద్దులో లాభపడ్డాయి. 2015లో వచ్చిన కొత్త మార్కర్ (నూనెలో కలిపే రసాయన గుర్తు), అంతకుముందే మొదలైన లీటరు లీటరు లెక్కలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అయితే మోసం ఆగలేదు, దారి మార్చుకుంది.

ఒకే నూనె, రెండు ధరలు

బ్రిటన్‌లో రోడ్డు వాహనానికి వాడే డీజిల్‌పై ఇంధన సుంకం 2011 మార్చి నుంచి లీటరుకు 57.95 పెన్నీలు (పౌండుకు వంద పెన్నీలు) ఉండేది. 2022 మార్చి 23న 5 పెన్నీలు తగ్గించడంతో అది 52.95కు దిగింది. అదే రోజు ఎర్ర డీజిల్‌పై సుంకం 11.14 పెన్నీల నుంచి 10.18కి వచ్చింది. అంటే రెండింటి మధ్య తేడా 42.77 పెన్నీలు అయింది. ఇళ్లలో బాయిలర్లకు వాడే కిరోసిన్‌పై అయితే సుంకం పూర్తిగా మాఫీ.

ఈ తేడా లీటరు దగ్గర చిన్నదిగానే కనిపిస్తుంది. 30,000 లీటర్లు పట్టే ఒక ట్యాంకర్‌ను తీసుకుంటే లెక్క మారిపోతుంది. ఎర్ర డీజిల్‌ను రోడ్డు డీజిల్‌గా అమ్మితే సుంకం రూపంలోనే 12,831 పౌండ్లు మిగులుతాయి. దాని మీద పడే వ్యాట్ తేడా అదనం. ఇందుకోసం రిఫైనరీ అక్కర్లేదు, ముడి చమురు అక్కర్లేదు. సరుకు ముందే తయారై ఉంది, దాని మీద ఉన్న ముద్రను చెరిపేస్తే చాలు.

సాధారణంగా కల్తీ అంటే మంచి సరుకులో చెడ్డ సరుకు కలపడం. ఎర్ర డీజిల్ విషయంలో సరుకులో లోపమేమీ లేదు. పొలంలో దున్నుతున్న ట్రాక్టర్‌లో సక్రమమైన నూనే రోడ్డు మీది లారీలో నేరమవుతుంది. కాబట్టి అధికారులు నిరూపించాల్సింది నూనె నాణ్యత గురించి కాదు, అది ఏ పని కోసం అమ్ముడైందో, ఏ పనిలో ఖర్చయిందో అన్నది. ద్రవానికి గుర్తుంచుకునే శక్తి లేదు కనుక ఆ జ్ఞాపకాన్ని రసాయనాల రూపంలో దానికి అతికిస్తారు. వాటినే మార్కర్లు అంటారు.

ఎవరు వాడవచ్చు, ఎవరు వాడకూడదు

2022 ఏప్రిల్ 1 వరకు ఎర్ర డీజిల్ హక్కు చాలా విస్తృతంగా ఉండేది. నిర్మాణ రంగం, గనులు, క్వారీలు అన్నీ దానిమీదే నడిచేవి. బ్రిటన్‌లో వాడే మొత్తం డీజిల్‌లో ఇది సుమారు 15 శాతమని, ఏటా దాదాపు 1.4 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ దీని నుంచే వస్తోందని ప్రభుత్వం అంచనా వేసింది. కాలుష్యానికి రాయితీ ఇవ్వడమేమిటన్న వాదనతో 2020 బడ్జెట్‌లో కోత ప్రకటించారు, రెండేళ్ల తర్వాత అమలు చేశారు.

ఇప్పుడు ఆ హక్కు ప్రధానంగా వ్యవసాయం, తోటల పెంపకం, చేపల పెంపకం, అడవుల పని, రైళ్లకు మిగిలింది. వీటితోపాటు గోల్ఫ్ మైదానాలకు, ఔత్సాహిక క్రీడా క్లబ్బులకు, ఊరూరా తిరిగే సర్కస్‌లకు కూడా ఉంది. ఈ చివరి మూడింటికి రాయితీ నిలిచి, ఇళ్లు కట్టేవారికి పోవడం వెనక ఉన్న తర్కం పర్యావరణం కంటే రాజకీయ బేరసారాలకే దగ్గరగా కనిపిస్తుంది.

జాబితా తగ్గితే నిఘా సులువవుతుందని అనిపిస్తుంది. ఆచరణలో కొత్త చిక్కులు పుట్టాయి. ఒక ట్రాక్టర్ పొద్దున పొలం దున్నుతుంది, మధ్యాహ్నం పక్క ఊరి నిర్మాణ స్థలం నుంచి ఇటుక ముక్కలు మోస్తుంది. ఇంజన్ ఒకటే, ట్యాంకు ఒకటే. పొద్దుటి పనికి ఎర్ర డీజిల్ చెల్లుతుంది, మధ్యాహ్నం పనికి చెల్లదు. రెండు పనులూ చేయాలంటే మొత్తంగా పూర్తి సుంకం కట్టిన తెల్ల డీజిలే పోసుకోవాలి. లేదంటే పని మారినప్పుడల్లా ట్యాంకు ఖాళీ చేసి, మార్కర్ ఆనవాలు పోయేదాకా కడగాలి. రెండోది చేసే రైతు ఉంటాడని ఎవరూ అనుకోరు.

పరీక్షే తాళంచెవి అయిన కథ

2015కు ముందు ఎర్ర డీజిల్‌లో మూడు పదార్థాలు కలిపేవారు. కంటికి కనబడే ఎరుపు కోసం సాల్వెంట్ రెడ్ 24. దానితోపాటు క్వినిజరిన్ అనే మార్కర్. మూడోది సాల్వెంట్ ఎల్లో 124, దీన్ని 2024 జనవరి వరకు యూరోమార్కర్ అని పిలిచేవారు. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో ఒకే గుర్తు ఉండాలని 1995 నాటి ఆదేశం ప్రకారం దీన్ని ఎంచుకున్నారు. ఐర్లాండ్‌లో ఎరుపుకు బదులు నీలి రంగు పదార్థం కలుపుతారు. డీజిల్ సహజంగా లేత పసుపు కాబట్టి రెండూ కలిసి ఆకుపచ్చగా కనిపిస్తాయి. అందుకే అక్కడ దాని వాడుక పేరు గ్రీన్ డీజిల్.

మోతాదు చాలా తక్కువ. లీటరుకు కనీసం 6 మిల్లీగ్రాముల సాల్వెంట్ ఎల్లో 124 ఉండాలన్నది నిబంధనగా ఉండేది. వెయ్యి లీటర్ల డబ్బాలో 6 గ్రాములు, అంటే చెంచాడు పొడి.

రోడ్డు పక్కన తనిఖీ చేసే అధికారి పని ఇలా ఉంటుంది. వాహనం ట్యాంకులోకి సన్నని గొట్టం దించి కొంత నూనె పైకి లాగుతాడు. స్థానికులు దీన్నే డిప్పింగ్ అంటారు. సీసాలో పోసిన ఆ నూనెకు కొంచెం ఆమ్లం కలిపి కుదిపితే అడుగున చేరిన ఆమ్లం పొర ఎర్రబడుతుంది. యూరోమార్కర్ అణువు ఆమ్లం తగలగానే మారిపోయి, నూనెను వదిలి నీటి పొరలోకి దిగిపోతుంది. క్వినిజరిన్‌కు దీనికి వ్యతిరేకంగా క్షారం కలుపుతారు, ఊదా రంగు వస్తుంది. కిరోసిన్‌లో కలిపే కౌమరిన్‌కు క్షారంతో పాటు అతినీలలోహిత దీపం కావాలి, ఆ వెలుగులో అది ఆకుపచ్చగా మెరుస్తుంది.

కానీ ఈ పరీక్షలోనే అసలు బలహీనత దాగి ఉంది. ఆమ్లం కలిపితే మార్కర్ నూనెలోంచి బయటికి వస్తుంది కాబట్టే అధికారి దాన్ని చూడగలుగుతున్నాడు. అదే ఆమ్లాన్ని చిన్న సీసాలో కాకుండా పెద్ద ట్యాంకులో పోస్తే? మార్కర్ అంతా అడుగున చేరుతుంది, పైన తేటబడిన డీజిల్ మిగులుతుంది. అధికారి చేసిన పరీక్షనే ముఠా పెద్ద ఎత్తున చేస్తుంది, అంతే.

రెండో పద్ధతి మట్టి. ముల్తానీ మట్టి జాతికి చెందిన బంకమన్ను గుండా, లేదా బొగ్గుపొడి గుండా నూనెను వడకడతారు. పిల్లుల మలవిసర్జన కోసం దుకాణాల్లో అమ్మే గుళికలు కూడా చాలావరకు ఇలాంటి మట్టితోనే చేస్తారు, వాటినీ వాడారు. డీజిల్‌లోని హైడ్రోకార్బన్లకు విద్యుత్ ధ్రువత్వం, అంటే అణువులో ఒకవైపు ధన, మరోవైపు ఋణ విద్యుదావేశం, దాదాపు ఉండదు. రంగు పదార్థాలకు ఉంటుంది. మట్టి రేణువుల ఉపరితలం ధ్రువత్వం ఉన్న అణువులను పట్టుకుని, మిగతావాటిని వదిలేస్తుంది. ఈ పనికి రసాయన శాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు. ఊరికి దూరంగా ఒక షెడ్డు, పంపు, నాలుగు ట్యాంకులు ఉంటే చాలు.

శుభ్రం చేసిన నూనె మాత్రం నిజంగా శుభ్రం కాదు. మిగిలిన ఆమ్లం పంపునూ ఇంజెక్టర్లనూ తినేస్తుంది. ఆ బిల్లు చౌకగా దొరికిందని పోయించుకున్న వాహనదారు నెత్తిన పడుతుంది. అడుగున మిగిలిన బురద ఇంకా పెద్ద సమస్య. ఆమ్లం, మట్టి, రంగులు కలిసిన ఆ ముద్దను వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి రాత్రివేళ రోడ్ల పక్కన, పొలం గట్ల మీద వదిలేసి పోయేవారు. ఐర్లాండ్ వైపున్న లౌత్, మోనఘన్ జిల్లాలు, ఉత్తర ఐర్లాండ్ వైపున్న దక్షిణ ఆర్మా ఈ డబ్బాలకు పేరుపడ్డాయి. వాటిని ప్రమాదకర వ్యర్థంగా తొలగించే ఖర్చు ప్రజల సొమ్ములోంచే పోయేది. సుంకం ఎగ్గొట్టినవారి చెత్తను సుంకం కట్టినవారు ఎత్తాల్సి వచ్చింది.

కనబడని గుర్తు

2014లో బ్రిటన్ రెవెన్యూ, కస్టమ్స్ శాఖ హెచ్‌ఎంఆర్‌సీ, ఐర్లాండ్ రెవెన్యూ శాఖ కలిసి ఒక కొత్త మార్కర్‌ను ఎంపిక చేశాయి. డౌ కంపెనీ తయారుచేసే అక్యూట్రేస్ ఎస్10 అది. 2015లో రెండు దేశాల్లోనూ పాత మార్కర్లకు తోడుగా కలపడం మొదలైంది. ఇందులోని పదార్థం బ్యూటాక్సీ బెంజీన్.

ఈ అణువును ఎందుకు ఎంచుకున్నారో చూస్తే పాత తప్పు నుంచి నేర్చుకున్నది అర్థమవుతుంది. దీనికి రంగు లేదు. ధ్రువత్వం బాగా తక్కువ కావడంతో మట్టికి పట్టుబడదు. మామూలుగా వాడే ఆమ్లాలు, క్షారాలు దీన్ని బయటికి లాగలేవు. పోనీ మరిగించి వేరుచేద్దామంటే దీని మరుగు స్థానం సుమారు 210 డిగ్రీలు, డీజిల్ మరిగే శ్రేణి లోపలే ఉంటుంది. డీజిల్‌లో ఒక భాగాన్నే పోగొట్టుకోకుండా దీన్ని తీయలేరు. అసాధ్యమని కాదు, తీయడానికయ్యే ఖర్చు మిగిలే సుంకాన్ని మించిపోతుంది. నిఘాకు కావాల్సింది అంతే.

దీనికి చెల్లించే మూల్యం వేరే ఉంది. కుదిపితే ఎర్రబడే సీసాతో ఇక పని జరగదు. నూనెలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం కావాలి, దాన్ని నడిపే మనిషి కావాలి, ఫలితం కోర్టులో నిలబడేలా శాంపిల్ భద్రపరిచే పద్ధతి కావాలి. కంటికి కనబడే గుర్తు కడిగితే పోతోంది, కడిగినా పోని గుర్తు కంటికి కనబడటం లేదు. అందుకే పాత రంగులను తీసేయలేదు. ఎర్ర డీజిల్‌ను నేరుగా కారులో పోసుకునే మామూలు దొంగను రంగు పట్టిస్తుంది, రంగు కడిగే ముఠాను కొత్త మార్కర్ పట్టిస్తుంది.

ఐరోపా సమాఖ్య కూడా ఇదే దారి పట్టింది. సాల్వెంట్ ఎల్లో 124 స్థానంలో బ్యూటాక్సీ బెంజీన్‌ను యూరోమార్కర్‌గా నిర్ణయిస్తూ 2022 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది, 2024 జనవరి 18 నుంచి వర్తింపజేసింది. సరిహద్దు కౌంటీల సమస్యకు కనిపెట్టిన మందు ఖండమంతటికీ పాకిందన్నమాట.

సరిహద్దు ఎందుకు కేంద్రమైంది

లండన్ దగ్గరా ఎర్ర డీజిల్ ఉంది, స్కాట్లాండ్‌లోనూ ఉంది. అయినా కడిగే కర్మాగారాలు ఎక్కువగా ఉత్తర ఐర్లాండ్ సరిహద్దులోనే ఎందుకు పుట్టాయి?

మొదటి కారణం రెండు పన్ను వ్యవస్థలు ఒకే రోడ్డు మీద కలవడం. సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు, దాన్ని దాటే రోడ్లు 200కు పైగా. 1993లో ఐరోపా ఏక విపణి మొదలయ్యాక కస్టమ్స్ తనిఖీలు పోయాయి. సరిగ్గా అదే ఏడాది నుంచి 1999 వరకు బ్రిటన్ ఇంధన సుంకాన్ని ద్రవ్యోల్బణం కంటే వేగంగా ఏటా పెంచుకుంటూ పోయింది. రోడ్డుకు ఇటు డీజిల్ ఖరీదు, అటు చౌక. మొదట సక్రమంగా సుంకం కట్టిన ఐర్లాండ్ డీజిలే ఉత్తరానికి పారింది. సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఉత్తర ఐర్లాండ్ బంకులకు గిరాకీ పడిపోయింది. దొంగ రవాణాకు ట్యాంకర్లు, దారులు, కొనేవాళ్లు అప్పటికే సిద్ధమయ్యాక, కడిగిన గ్రీన్ డీజిల్ అదే దారిలో నడవడం తర్వాతి మెట్టు.

రెండో కారణం తుపాకులు పట్టిన చరిత్ర. ఇంధన దొంగ రవాణాతో పారామిలటరీలుగా పిలిచే ప్రభుత్వేతర సాయుధ వర్గాలకు ఉన్న సంబంధాలను 2004 నుంచి 2011 వరకు పనిచేసిన స్వతంత్ర పర్యవేక్షణ కమిషన్ తన నివేదికల్లో ప్రస్తావించింది. అలాంటి ప్రాంతంలో ఒక షెడ్డు మీద దాడి చేయడమంటే ఇద్దరు ఎక్సైజ్ అధికారులు వెళ్లి తలుపు తట్టడం కాదు, పోలీసు రక్షణ కావాలి. 2012లో బ్రిటన్ పార్లమెంటులోని ఉత్తర ఐర్లాండ్ వ్యవహారాల కమిటీ ఈ సమస్యపై ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది.

మూడోది ఇంటి బాయిలర్. ఉత్తర ఐర్లాండ్‌లో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లు నూనెతోనే వెచ్చబడతాయి. ఇంటింటికీ కిరోసిన్ ట్యాంకర్ తిరగడం అక్కడ నిత్యకృత్యం. ఏ ట్యాంకర్ ఎక్కడికి వెళ్తోందని ఎవరికీ అనుమానం రాదు.

లీటరు లీటరుకూ లెక్క

మార్కర్‌కు వచ్చినంత పేరు లెక్కల పుస్తకానికి రాలేదు. నిజానికి దాని పాత్ర తక్కువేమీ కాదు.

2003 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో రాయితీ నూనె అమ్మే ప్రతి డీలరూ నమోదు చేసుకోవాలి. ఎవరికి ఎంత అమ్మారో లెక్క రాసి, ఆ వివరాలు శాఖకు పంపాలి. కొనేవాడికి అంత నూనె అవసరం ఉందా అని సహేతుకంగా చూసుకోవాల్సిన బాధ్యత కూడా డీలర్‌దే. ఇరవై ఎకరాల రైతు నెలకు ట్యాంకర్ చొప్పున కొంటుంటే ఆ లెక్క తనంతట తానే మాట్లాడుతుంది. ఐర్లాండ్ 2013 జనవరి నుంచి ఇంకో అడుగు వేసి, లైసెన్సున్న నూనె వ్యాపారులంతా నెలనెలా కొనుగోళ్లు, అమ్మకాలు, నిల్వలను ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలని నిబంధన పెట్టింది. ఒకడు అమ్మానన్న లీటర్లు, మరొకడు కొన్నానన్న లీటర్లు కలవకపోతే కంప్యూటరే చూపిస్తుంది. నిర్లక్ష్యంగా సరఫరా చేసిన డీలర్‌కు పన్ను బాధ్యత అంటగట్టే నిబంధన కూడా అక్కడి చట్టంలోకి వచ్చింది.

కడగడానికి ముందు పెద్ద మొత్తంలో రంగు డీజిల్ కావాలి. ఆ సరఫరా ఎక్కడో ఒక సక్రమమైన డిపో నుంచే మొదలవుతుంది. షెడ్లను వెతికి పట్టుకోవడం కన్నా వాటికి పాలు పోసే చేతిని పట్టుకోవడం చౌక. 2015 తర్వాత కడిగే కర్మాగారాలు బాగా తగ్గడంలో మార్కర్ వాటా ఎంత, లెక్కల వాటా ఎంత అని విడదీయడం కష్టం. రెండూ వెంటవెంటనే వచ్చాయి, ఒకదాన్ని మరొకటి బలపరిచాయి.

రోడ్డు మీద పట్టుబడితే

1979 నాటి హైడ్రోకార్బన్ నూనెల సుంకాల చట్టం అధికారులకు విస్తృత అధికారాలిచ్చింది. వాహనాన్ని ఆపి ట్యాంకులోంచి శాంపిల్ తీసుకోవచ్చు. తీసిన శాంపిల్‌ను భాగాలు చేసి ఒక భాగాన్ని వాహనదారుకు ఇస్తారు, అతను కావాలంటే సొంతంగా పరీక్ష చేయించుకోవచ్చు. మార్కర్ దొరికితే వాహనాన్నే స్వాధీనం చేసుకోవచ్చు, ఎగ్గొట్టిన సుంకం వసూలు చేయవచ్చు, ఆపైన జరిమానా వేయవచ్చు.

ఇక్కడ చాలామంది తడబడేది గడువు దగ్గర. స్వాధీనం అక్రమమని వాదించాలంటే ఒక నెలలోగా రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాలి. అప్పుడు విషయం కోర్టుకు వెళ్తుంది. నెల దాటితే ఆ వాహనం చట్టప్రకారం జప్తు అయినట్టే. తర్వాత ట్రిబ్యునల్‌కు వెళ్లి వాహనం తిరిగి ఇవ్వమని అడగవచ్చు గానీ, అసలు తప్పే చేయలేదని అక్కడ కొత్తగా వాదించే వీలుండదు. ట్రిబ్యునల్‌కు ఆ అధికారం లేదని 2011లో అప్పీలు కోర్టు తేల్చిచెప్పింది. తెలియక కడిగిన డీజిల్ పోయించుకున్న డ్రైవర్‌కూ, తెలిసి పోసుకున్నవాడికీ ఈ మొదటి మెట్టులో పెద్ద తేడా ఉండదు. ఉద్దేశం ఏమిటన్న ప్రశ్న జరిమానా, తిరిగి ఇవ్వడం, క్రిమినల్ కేసు దగ్గర వస్తుంది.

కఠినంగా అనిపించే ఈ నిబంధన వెనక ఒక లెక్క ఉంది. ట్యాంకులో ఉన్నది ఏమిటో ప్రయోగశాల చెప్పగలదు, డ్రైవర్ మనసులో ఏముందో చెప్పలేదు. ప్రతి కేసులోనూ ఉద్దేశాన్ని నిరూపించాలంటే రోడ్డు పక్క తనిఖీ అనే పనే సాగదు.

మోసం ఎటు మళ్లింది

ఎర్ర, ఆకుపచ్చ డీజిళ్లను కడగడం గిట్టుబాటు కాకపోయేసరికి చూపు ఇతర నూనెల మీద పడింది. 2014లో ఐర్లాండ్‌లో పెట్రోల్ కార్ల యజమానుల నుంచి వరసగా ఫిర్యాదులు వచ్చాయి. ఇంజన్ కొట్టుకుంటోంది, దారిలో ఆగిపోతోంది. పెట్రోల్‌లో కిరోసిన్ కలిపి పరిమాణం పెంచుతున్నారని తేలింది. అక్కడ దీనికి స్ట్రెచింగ్, అంటే సాగదీయడం అని పేరు. కిరోసిన్ ఆక్టేన్ విలువను తగ్గిస్తుంది, ఇంధనం సిలిండర్‌లో వేళ కాని వేళ అంటుకుంటుంది. డీజిల్ మోసంలో నష్టపోయింది ఎక్కువగా ఖజానా అయితే, ఇందులో కారు యజమాని కూడా.

డీజిల్‌లో కిరోసిన్ కలపడం ఇంతకన్నా పట్టుకోవడం కష్టం, ఎందుకంటే డీజిల్ ఇంజన్ దాన్ని చాలావరకు సహిస్తుంది. జారుడుగుణం తగ్గి పంపు నెమ్మదిగా అరిగిపోతుంది, కానీ ఆ అరుగుదలకు కారణం ఏ బంకులో పోయించిన నూనెనో ఎవరు చెప్పగలరు? సుంకం తేడా చూస్తే కిరోసిన్‌దే పైచేయి, 2022 కోత తర్వాతి రేటు ప్రకారం లీటరుకు మొత్తం 52.95 పెన్నీలు. కొత్త మార్కర్‌ను రాయితీ కిరోసిన్‌లోనూ కలపడానికి కారణం ఇదే.

ఐరోపా ప్రధాన భూభాగంలో మోసం అసలు మార్కర్ జోలికే పోలేదు. అక్కడి ముఠాలు డీజిల్ ఇంజన్‌లో మండే మిశ్రమాలను తయారుచేసి, కాగితాల మీద కందెన నూనె అనో తుప్పు నివారణ ద్రవమనో రాసి ట్యాంకర్లలో సరిహద్దులు దాటించాయి. వీటికి డిజైనర్ ఇంధనాలని పేరు. ఇంధనంగా లెక్కకు రాని సరుకు కాబట్టి సుంకం పడదు, రాయితీ నూనె కాదు కాబట్టి మార్కర్ ఉండదు. ప్రయోగశాలలో వెతకడానికి అందులో ఏ గుర్తూ లేదు. అలాంటి ట్యాంకర్‌ను ఆపిన అధికారి చూడాల్సింది సీసాలోని రంగు కాదు. కందెన నూనె ముప్పై వేల లీటర్లు ఒక పెట్రోల్ బంకు వెనక ఎందుకు దిగుతోందన్నది.